అల్లూరి సీతారామరాజు మీద సినిమా తీయాలనుకునేవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

మన్యం పోరాటం మీద లఘుచిత్రమో, పూర్తి నిడివి సినిమానో తీద్దామని బయల్దేరేవాళ్లకు దాదాపు ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. అందుకే వాటిని పని జరిగే వరుసలో ఇక్కడ ఒకచోట చేర్చాం. ఏ జవాబు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీ పని ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే చదువుకోండి.

## కథ అనుకునేటప్పుడు

పుట్టుక నుంచి మరణం దాకా మొత్తం చెప్పాలా, ఒక్క ఘట్టం తీసుకుంటే చాలా?

లఘుచిత్రానికి ఒక్క ఘట్టమే మేలు. పోరాటం మొత్తం 1922 ఆగస్టు 22 నుంచి 1924 మే 7 దాకా, అంటే ఇరవై ఒక్క నెలలు కూడా నిండలేదు. అందులోనూ మొదటి మూడు రోజులే ఒక సినిమాకు సరిపోతాయి. 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లు వరుసగా చేజిక్కాయి. పూర్తి నిడివి సినిమా అయితే 1917లో ఆయన కృష్ణదేవిపేటకు వచ్చినప్పటి నుంచి మొదలుపెట్టండి. అయిదేళ్ల పాటు అక్కడి జనంతో ఆయన బతికిన బతుకు చూపకపోతే, మొదటి దాడికే మూడు వందల మంది ఎందుకు వెంట నడిచారో ప్రేక్షకుడికి అందదు. బాల్యం పాటలతో గంట గడిపి, మన్యాన్ని అరగంటలో ముగించిన స్క్రిప్టులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

స్టేషన్ల మీద దాడుల్లో నిజంగా ఏం జరిగింది? అంకెలు కావాలి.

చింతపల్లిలో 11 తుపాకులు, 5 కత్తులు, 1,390 గుళ్లు దొరికాయి. కృష్ణదేవిపేటలో 7 తుపాకులు, రాజవొమ్మంగిలో 8 తుపాకులు, 825 గుళ్లు. మూడు చోట్లా కలిపి 26 తుపాకులు. రాజవొమ్మంగిలో బందీగా ఉన్న మన్యం నాయకుడు మొట్టడం వీరయ్యదొరను కూడా విడిపించారు. తీసుకున్న ఆయుధాల జాబితాను స్టేషన్ డైరీలో రాయించి రాజు సంతకం పెట్టాడు. ఏ రచయితా ఊహించి రాయలేని సన్నివేశం ఇది. దొంగతనం కాదు, లెక్క చెప్పి తీసుకుంటున్నాం అన్నట్టు సిరాతో పెట్టిన సంతకం. వంద మందిని గాల్లోకి ఎగరేసే ఫైట్ కన్నా ఆ ఒక్క షాట్ ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఆ తర్వాత సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో మాటు వేశారు. ముందు నడిచిన భారతీయ సిపాయిలను పోనిచ్చి, వెనక వచ్చిన తెల్ల అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్‌లను కాల్చారు. అక్టోబరులో ముందే కబురు పంపి మరీ అడ్డతీగల మీదికి వెళ్లారు. డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం దగ్గర పోరులో రాజు మనుషులు చాలామంది పోయారు. ఆ ఓటమిని వదిలేయకండి. తర్వాత కొన్ని నెలలు దళం ఎందుకు కనిపించలేదో అక్కడే తెలుస్తుంది. 1923 ఏప్రిల్‌లో రాజు అన్నవరంలో జనం ముందు మళ్లీ కనిపించాడు.

సీత అనే ప్రియురాలు నిజంగా ఉందా? ఆ పాత్ర పెట్టొచ్చా?

ఆధారం లేదు. సీత అనే అమ్మాయిని ప్రేమించి, ఆమె పోయాక తన పేరుకు ఆ పేరు చేర్చుకున్నాడన్నది జనంలో పుట్టి సినిమాతో బలపడిన కథ. ఆయన చెల్లెలి పేరు సీతమ్మ. ప్రేమకథ కావాలనే మీరు నిర్ణయించుకుంటే అది కల్పన అని తెర మీద వేసే మొదటి కార్డులోనే చెప్పండి. మా మాట అడిగితే ఆ జాగా తల్లి సూర్యనారాయణమ్మకు ఇవ్వండి. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్న కొడుకు సన్యాసిలా తిరుగుతుంటే, చివరికి తలకు వెల పలికితే, ఆ తల్లి ఎలా బతికిందన్నది ఇంకా ఎవరూ సరిగ్గా చెప్పని కథ.

పేరు సీతారామరాజా, శ్రీరామరాజా?

పెట్టిన పేరు శ్రీరామరాజు. జనం నోట సీతారామరాజుగా స్థిరపడింది. ఇంట్లోవాళ్లు, అధికారులు మాట్లాడే చోట శ్రీరామరాజు, రామరాజు అని రాసుకుని, టైటిల్లో అందరికీ తెలిసిన పేరు ఉంచితే రెండు వైపులా న్యాయం జరుగుతుంది.

ఎవరి అనుమతి తీసుకోవాలి? హక్కులు కొనాలా?

చరిత్రలో జరిగిన సంఘటనల మీద ఎవరికీ కాపీరైటు ఉండదు. దాడి తేదీలు, స్థలాలు, కోర్టు విషయాలు ఎవరైనా వాడుకోవచ్చు. కాపీరైటు ఉండేది వాటిని ఒకరు చెప్పిన తీరు మీద. ఒక నవలలోని కల్పిత పాత్ర, ఒక నాటకంలోని సంభాషణ, ఒక బుర్రకథలోని చరణం తీసుకుంటే హక్కుదారు రాతపూర్వక ఒప్పందం కావాలి. పనికొచ్చే పద్ధతి ఏమిటంటే, స్క్రిప్టులో ప్రతి సన్నివేశం పక్కన అది ఎక్కడి నుంచి వచ్చిందో ఒక గడిలో రాసి పెట్టుకోండి. ఖాళీగా మిగిలిన గడులన్నీ మీ కల్పనలు. లాయరు మొదట అడిగేది ఆ కాగితమే.

"తెలుగు వీర లేవరా" పాట వాడుకోవచ్చా? పాతదే కదా?

పాతదే, కానీ ఇంకా హక్కుల్లోనే ఉంది. కృష్ణ నటించిన అల్లూరి సీతారామరాజు సినిమా 1974లో విడుదలైంది. చట్టం ప్రకారం సినిమాకు, రికార్డింగుకు 60 ఏళ్ల హక్కు ఉంటుంది, అంటే 2034 చివరి దాకా. పాట రాసింది శ్రీశ్రీ. ఆ పాటకే ఆయనకు జాతీయ పురస్కారం వచ్చింది. ఆయన 1983లో కన్నుమూశారు కాబట్టి సాహిత్యంపై హక్కు 2043 చివరి దాకా సాగుతుంది. రికార్డింగును వదిలేసి మీ గాయకుడితో పాడించినా సాహిత్యానికి, బాణీకి అనుమతి కావాల్సిందే. యూట్యూబులో పెట్టగానే క్లెయిమ్ పడేది ఎక్కువగా ఇలాంటి చోటే.

కొమురం భీంను, అల్లూరిని కలిపి చూపిస్తే తప్పా?

కల్పన అని ఒప్పుకుని తీస్తే తప్పు కాదు, చరిత్ర అని చెబితే తప్పు. అల్లూరి పోరు మద్రాసు ప్రెసిడెన్సీలో 1924లో ముగిసింది. భీంది నిజాం రాజ్యంలోని ఆదిలాబాదు అడవుల్లో, జోడేఘాట్‌లో 1940లో.

## స్క్రిప్టు రాసేటప్పుడు

విలన్‌గా రూథర్‌ఫర్డ్‌ను పెట్టుకున్నాం. మొదటి నుంచీ చూపించవచ్చా?

తేదీలు ఒప్పుకోవు. రూథర్‌ఫర్డ్ మన్యానికి ప్రత్యేక కమిషనరుగా వచ్చింది 1924 ఏప్రిల్‌లో, అంటే ఆఖరి అంకంలో. తిరుగుబాటు రాజుకోవడానికి కారణమైన మనిషి గూడెం తహసీల్దారు బాస్టియన్. నర్సీపట్నం, చింతపల్లి మధ్య రోడ్డు పనికి గిరిజనులను బలవంతంగా తోలి, రావలసిన కూలీలో కోత పెట్టి, ఎదురు తిరిగినవాళ్లను హింసించాడు. గాం గంటందొర, మల్లుదొర అన్నదమ్ములు రాజు వైపు రావడానికి దారితీసింది కూడా అతని వేధింపులే. పరిష్కారం సులువే. మొదటి సగం బాస్టియన్‌ది, చివరి భాగం రూథర్‌ఫర్డ్‌ది, ఆఖరి తుపాకీ రాజును కాల్పించిన మేజర్ గుడాల్‌ది. ఒకే ముఖం మీద ద్వేషం పెంచడం కన్నా, మనిషి మారినా ప్రభుత్వం తీరు మారలేదని చూపడం నిజానికి దగ్గరగా ఉంటుంది.

అధికారుల్లోనూ అందరూ ఒకేలా లేరు. పోలవరం డిప్యూటీ కలెక్టరు ఫజులుల్లా ఖాన్ రాజు పట్ల మంచిగా ఉన్నాడు. ఆ పాత్రను వదిలేస్తే మీకే నష్టం.

జనం ఎందుకు తిరగబడ్డారో రెండు నిమిషాల్లో ఎలా చెప్పాలి?

ఉపన్యాసం వద్దు, మూడు దృశ్యాలు చాలు. ఒకటి: పోడు కోసం చెట్లు కొట్టుకున్న కుటుంబాన్ని ఫారెస్టు గార్డు ఆపుతాడు. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత తాతల నాటి పోడు నేరమైపోయింది. రెండు: రోడ్డు పని దగ్గర సాయంత్రం చేతిలో పడ్డ అణాలను కూలి లెక్కపెట్టుకుంటాడు. రూపాయికి 16 అణాలు, ఈ లెక్క నటుడికి కూడా తెలిసి ఉండాలి. మూడు: ఒకప్పుడు ఆ కొండకు పెద్దగా ఉన్న ముఠాదారు ఇప్పుడు కచేరీ బయట చేతులు కట్టుకుని నిలబడతాడు. ఇదే ప్రాంతంలో 1879లోనూ రంప తిరుగుబాటు జరిగింది. ఒక ముసలివాడి నోట ఆ మాట ఒక్కటి వస్తే, ఈ కోపం నలభై ఏళ్ల నాటిదని అర్థమవుతుంది.

గిరిజన పాత్రలను ఎలా రాయాలి?

పేర్లతో రాయండి. "గిరిజనుడు 1, గిరిజనుడు 2" అని రాసిన రోజే సినిమా సగం చచ్చిపోతుంది. గంటందొర, మల్లుదొర, వీరయ్యదొర తమ నిర్ణయం తాము తీసుకున్న మనుషులు. హీరో వెనక కేకలు వేసే గుంపు కాదు. మల్లుదొర 1923లో పట్టుబడి శిక్ష అనుభవించి, స్వాతంత్ర్యం వచ్చాక తొలి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. గంటందొర రాజు మరణించిన నెలకు కాల్పుల్లో పోయాడు. మన్యంలో బగతలు, కొండదొరలు, కోయలు, కొండరెడ్లు వేర్వేరు సమూహాలు. అందరికీ ఒకే ఈకల కిరీటం, ఒకే డాన్సు పెట్టకండి. నటులకు నల్లరంగు పులమడం అసలే వద్దు, ఆ ఊళ్లలోనే నటించగలవాళ్లు ఉన్నారు. వాళ్లకు నగరం నుంచి వచ్చిన జూనియర్ ఆర్టిస్టుతో సమానంగా రోజు కూలీ, అదీ ఏ రోజుది ఆ రోజే ఇవ్వండి. కూలీ ఎగ్గొట్టినందుకు జరిగిన తిరుగుబాటు మీద సినిమా తీస్తూ కూలీ బాకీ పెట్టకూడదు.

మాటలు ఏ యాసలో ఉండాలి?

రాజు కుటుంబం గోదావరి వైపుది. చదువు కాకినాడ, తుని, విశాఖ, నర్సాపురం ఊళ్లలో సాగింది. ఆయనకు గోదావరి జిల్లాల తెలుగు నప్పుతుంది. మన్యం పాత్రలకు తూర్పు కనుమల తెలుగు కావాలి. విశాఖ పట్టణం యాస అక్కడ అతకదు. కోయ, కువి మాట్లాడే పాత్రలుంటే ఆ భాషలోనే పలికించి కింద తెలుగు వేయండి. ఆ భాష మాతృభాషగా ఉన్న ఒకరిని సెట్లో ఉంచుకుని ప్రతి టేకూ వినిపించండి. డబ్బింగులో సరిదిద్దుకుందామంటే పెదవులు కలవవు.

మరణ సన్నివేశం ఎలా తీయాలి? రెండు కథనాలు ఉన్నాయి కదా?

మంప గ్రామం దగ్గర పట్టుకుని, కొయ్యూరుకు తీసుకొచ్చి, 1924 మే 7న చెట్టుకు కట్టి మేజర్ గుడాల్ కాల్పించాడు. అధికారులు మాత్రం పారిపోబోతే కాల్చామని రాసుకున్నారు. విచారణ లేదు, కోర్టు లేదు. రెండూ చూపించండి: ముందు జరిగింది, వెంటనే ఒక గుమాస్తా కలం అదే సంఘటనను నివేదికగా మార్చడం. పొడుగాటి ఆఖరి ఉపన్యాసం పెట్టాలనే ఆశ ప్రతి రచయితకూ ఉంటుంది. ఏ అవకాశమూ ఇవ్వకుండా చంపారన్నదే అక్కడి దారుణం కాబట్టి ఆ ఉపన్యాసం దాన్ని తేలిక చేస్తుంది. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది.

## దుస్తులు, ఆయుధాలు సిద్ధం చేసేటప్పుడు

కొత్త బట్టలు పాతవిగా కనిపించాలంటే ఏం చేయాలి?

చేనేత ఖద్దరే కొనండి. పాలిస్టరు కలిసిన గుడ్డ లైటు పడగానే మెరిసి దొరికిపోతుంది. ముందు రెండుసార్లు వేడినీళ్లలో ఉతికి గంజి పోగొట్టాలి. పది లీటర్ల నీళ్లలో 200 గ్రాముల టీ పొడి మరిగించి వడగట్టి, రెండు గుప్పెళ్ల రాళ్ల ఉప్పు వేసి, బట్టను అరగంట నానబెట్టి నీడలో ఆరేయండి. మోచేతులు, మెడ, అంచుల దగ్గర గరుకు కాగితంతో రుద్దండి. షూటింగు రోజుల్లో తెల్లదనం పెంచే డిటర్జెంటుతో ఉతకనివ్వకండి. ఆ పొడి వల్ల గుడ్డ నీలంగా మెరుస్తుంది, పైగా చేసిన పనంతా ఒక్క ఉతుకుతో పోతుంది.

గడ్డం సొంతంగా పెంచుకునేలా నటుడితో నాలుగు నెలల ముందే మాట్లాడుకోండి. అతికించిన గడ్డం మన్యం ఉక్కలో మధ్యాహ్నానికే అంచుల దగ్గర లేస్తుంది.

విల్లు, బాణాలా? తుపాకులా?

విగ్రహాల్లో, పోస్టర్లలో విల్లు స్థిరపడిపోయింది. కానీ స్టేషన్ల మీద పడ్డదే తుపాకుల కోసం. మన్యం జనానికి విల్లు వేట సాధనం, దాన్ని ఆ పనిలోనే చూపండి. విల్లు వెదురుతో చేయిస్తే నారిగా కూడా వెదురు బద్దే కట్టించండి, నైలాన్ తాడు క్లోజప్‌లో తెలిసిపోతుంది. పోరులో మాత్రం కొద్ది తుపాకులు, లెక్కపెట్టుకుని వాడిన గుళ్లు కనిపించాలి. గుళ్లు తగ్గిపోతున్న భయం సినిమా పొడవునా ఉండాలి.

డమ్మీ తుపాకులు ఎన్ని కావాలి? ఎక్కడ తప్పులు జరుగుతాయి?

దళం దగ్గర 26 తుపాకులకు మించి చూపక్కర్లేదు. దగ్గరి షాట్లకు బోల్టు, ట్రిగ్గరు కదిలేవి మూడు నాలుగు అద్దెకు తీసుకుని, మిగతావి చెక్కతోనో రబ్బరుతోనో చేయించండి. అందరూ చేసే తప్పు ఆగకుండా పేల్చడం. ఆనాటి పోలీసు మస్కెట్‌లో ఒక్కో గుండు నింపి ఒక్కోసారి పేల్చాలి. సైన్యం వాడిన .303 లీ-ఎన్‌ఫీల్డ్‌లో పది గుళ్లు పట్టేవి, అందులోనూ ప్రతి గుండుకూ బోల్టు లాగాలి. ఆ తీరిక లేని చేతుల కదలికను నటులకు వారం రోజులు అలవాటు చేయించండి.

బ్లాంకులు, అంటే గుండు లేకుండా మందు మాత్రమే ఉన్న తూటాలు పేల్చాలంటే లైసెన్సున్న ఆయుధ నిర్వాహకుడు ఉండాలి, స్థానిక పోలీసులకు ముందే రాతపూర్వకంగా చెప్పాలి. బ్లాంకు నుంచి వచ్చే వేడి గ్యాసు, అట్టముక్క దగ్గరివాళ్లను గాయపరుస్తాయి, ప్రాణం కూడా తీయొచ్చు. మనిషి వైపు గురిపెట్టకండి, 6 మీటర్ల లోపల ఎవరినీ ఉంచకండి. అసలు గుండు సెట్ ఆవరణలోకే రాకూడదు. డమ్మీలను కూడా బండిలో పైకి కనపడేలా తీసుకెళ్లొద్దు. మన్యం చెక్‌పోస్టుల దగ్గర రోజంతా పోతుంది.

బ్రిటిష్ సైన్యం కోసం ఎంతమంది తెల్లవాళ్లను పెట్టాలి?

చాలా తక్కువ. రాజును వెంటాడిన బలగాల్లో ఎక్కువ మంది భారతీయులే: మామూలు పోలీసులు, మలబారు స్పెషల్ పోలీసులు, 1924 జనవరి నుంచి అస్సాం రైఫిల్స్. తెల్లవాళ్లు అధికారులు. నలుగురైదుగురు విదేశీ నటులు చాలు. వందల మంది తెల్ల సిపాయిలను నింపితే ఖర్చూ వృథా, నిజమూ పోతుంది. మనవాళ్ల చేతే మనవాళ్లను వేటాడించారన్న బాధ ఆ ఖాకీ వరుసలోనే ఉంది.

## లొకేషన్ చూసుకునేటప్పుడు

అసలు జరిగిన చోటే తీయాలా? అక్కడ ఏమేం అడ్డొస్తాయి?

తీయగలిగితే మంచిదే. నర్సీపట్నంలో మకాం పెట్టుకుంటే కృష్ణదేవిపేట, కొయ్యూరు, చింతపల్లి వైపు రోజూ వెళ్లి రావచ్చు. కానీ ఫ్రేము వెనకభాగం జాగ్రత్తగా చూడండి. కరెంటు స్తంభాలు, సెల్ టవర్లు ఎవరికైనా కనిపిస్తాయి. ఎవరూ పట్టించుకోనిది సిల్వర్ ఓక్ చెట్టు. నిటారుగా వరుసల్లో నిలబడి మిరియాల తీగ పాకిన ఆ చెట్లు తర్వాతి కాలంలో విస్తరించిన కాఫీ తోటల నీడకోసం పెంచినవి. 1922 అడవిగా వాటిని చూపితే మన్యం వాళ్లు వెంటనే పట్టేస్తారు. వెదురు, మద్ది, ఇప్ప, జీలుగు ఉన్న వాలు వెతకండి.

ఏ నెలలో తీస్తే మంచిది?

దాడులు ఆగస్టులో, దామనపల్లి మాటు సెప్టెంబరులో, అంటే పచ్చదనం, బురద, పొగమంచు ఉండాలి. నడివానల్లో బండ్లు ఘాట్ ఎక్కవు కాబట్టి అక్టోబరులో తీస్తే ఆకు ఇంకా పచ్చగానే దొరుకుతుంది. మరణ ఘట్టం మే నెలది, ఏప్రిల్, మే ఎండలోనే తీయండి. డిసెంబరు, జనవరిలో లంబసింగి వైపు ఉదయం తొమ్మిది దాటినా మంచు వీడదు, పని గంటలు తగ్గిపోతాయి. ఏ నెలైనా దోమతెరలు, మలేరియా పరీక్ష కిట్లు తప్పనిసరి.

అడవిలో షూటింగుకు, గుర్రాలకు ఎవరి అనుమతి?

రిజర్వు ఫారెస్టు అయితే అటవీ శాఖ డివిజన్ కార్యాలయంలో తేదీలు, మనుషుల సంఖ్య, వాహనాల సంఖ్య రాసి దరఖాస్తు చేయాలి. నిప్పు, పేలుడు, చెట్టు కొట్టడం ఒప్పుకోరు. ఊళ్లో తీస్తే సర్పంచికి, ఊరి పెద్దలకు ముందే కథ చెప్పి ఒప్పించండి. కాగితం ఉన్నా వాళ్లకు చెప్పకుండా కెమెరా పెడితే రెండో రోజుకే పని ఆగుతుంది. గుర్రం, కోడి ఏది కనిపించినా జంతు సంక్షేమ బోర్డు ముందస్తు అనుమతి, షూటింగు తర్వాత అభ్యంతరం లేదని వాళ్లిచ్చే పత్రం కావాలి. పులి, ఎలుగుబంటి, కోతి లాంటివాటితో నటింపజేయడం నిషేధం, వాటిని గ్రాఫిక్స్‌లోనే చేయాలి.

## షూటింగు రోజుల్లో

తుపాకీ పేలినప్పుడు మెరుపు కొన్ని షాట్లలో కనిపించడం లేదు, కొన్నింట్లో సగమే పడుతోంది. ఎందుకు?

ఆ మెరుపు ఉండేది సెకనులో చాలా చిన్న భాగం. సెకనుకు 24 ఫ్రేములు, 180 డిగ్రీల షట్టరు పెట్టుకుంటే కెమెరా ప్రతి ఫ్రేములో సగం సమయం కళ్లు మూసుకున్నట్టే. మెరుపు ఆ చీకట్లో పడితే దొరకదు. సగమే పడడం రోలింగ్ షట్టరు వల్ల, అంటే కెమెరా ఫ్రేమును ఒక్కసారిగా కాక వరుస వరుసగా నమోదు చేయడం వల్ల. మూడు టేకులు తీసుకోండి, లేదా బ్లాంకులు మానేసి పొగ మాత్రం అక్కడే పుట్టించి మెరుపును ఎడిటింగులో చేర్చండి. రెండోదే క్షేమం, చవక కూడా.

రాత్రి సన్నివేశాల్లో కాగడాలు వెలిగించనివ్వడం లేదు. ఎలా?

ఎండాకాలంలో అసలు ఇవ్వరు, ఇవ్వకపోవడమే సరైనది. హరికేన్ లాంతరు లోపల మసకగా మెరిసే చిన్న ఎల్‌ఈడీ పెట్టి దాని కాంతి రంగును 2,000 కెల్విన్ దగ్గర ఉంచండి, కెమెరా వైట్ బ్యాలెన్స్ 3,200 దగ్గర పెడితే నారింజ వెచ్చదనం వస్తుంది. అడవి వెనకభాగానికి నీలం లైటు ఎక్కువ కొట్టకండి.

మాటలు స్పష్టంగా రికార్డు కావడం లేదు.

కీచురాళ్లు, వాగు చప్పుడు. వాగు పక్కన దృశ్యం కావాలంటే వైడ్ షాట్ అక్కడ తీసి, మాటలున్న దగ్గరి షాట్లు వంద గజాల అవతల తీయండి. ప్రతి చోటా ఎవరూ కదలకుండా ఒక నిమిషం ఆ చోటి ఉత్త శబ్దం రికార్డు చేసుకోండి.

## విడుదలకు ముందు

సెన్సారుకు ఏ సర్టిఫికెట్ వస్తుంది?

థియేటరులో వేయాలంటే సెన్సారు సర్టిఫికెట్ తప్పదు. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే చేయాలి. 2024 నిబంధనల తర్వాత యు/ఎ (పెద్దల సలహాతో పిల్లలు చూడదగిన తరగతి) మూడుగా విడిపోయింది: 7+, 13+, 16+. కొరడా దెబ్బలు, చెట్టుకు కట్టి కాల్చడం దగ్గరగా, రక్తంతో చూపితే పై మెట్టుకు వెళ్తారు. బడి పిల్లలకు చూపించాలన్నది మీ ఉద్దేశమైతే మరణాన్ని దూరం నుంచి, శబ్దంతో చెప్పేలా మొదటే తీసుకోండి. తర్వాత కత్తిరిస్తే అతుకు తెలుస్తుంది.

తెల్లదొర చుట్ట కాల్చే సీను ఉంటే ఇబ్బందా?

పొగాకు కనిపించిన ప్రతిసారీ తెర కింద హెచ్చరిక అక్షరాలు రావాలి. సినిమా మొదట్లో, మధ్యలో ప్రకటనలు వేయాలి. 1922 నాటి దృశ్యం మీద ఆ అక్షరాలు పడి భ్రమ చెదిరిపోతుంది. ఆ పాత్రకు చుట్ట బదులు చేతికర్రో, జేబు గడియారమో ఇవ్వండి.

"ఈ సినిమాలో పాత్రలు కల్పితం" అనే కార్డు వేస్తే చాలదా?

అసలు పేర్లు, అసలు ఊళ్లు వాడి అన్నీ కల్పితం అంటే ఎవరూ నమ్మరు. ఏది నిజం, ఏది కల్పనో విడదీసి నాలుగు వాక్యాల్లో రాయండి. ఉదాహరణకు: "దాడులు జరిగిన తేదీలు, స్థలాలు వాస్తవం. ఫలానా పాత్ర, ఫలానా సంభాషణ కల్పితం." చదవడానికి వీలుగా కనీసం పన్నెండు సెకన్లు ఉంచి, వెనక ఒక గొంతు చదివేలా చేయండి. చదువు రాని ప్రేక్షకులు ఆ ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. విడుదలకు ముందు మీరు షూటింగు చేసిన ఊళ్లో తెర కట్టి వాళ్లకోసం ఒక ప్రదర్శన వేయాలనుకుంటే జనరేటరుకు, రెండు స్పీకర్లకు బడ్జెట్లో మొదటే జాగా ఉంచుకోండి. ఎడిటింగు ఖరారు చేయకముందే ఆ ప్రదర్శన వేస్తే వాళ్లు చెప్పిన తప్పులు దిద్దుకునే వీలుంటుంది.